‘జనం పెద్దగా లేరు’ అన్నచోట ఎవరున్నారు?

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

వేదిక మీదున్న కులపెద్దలకు, సంఘం కార్యవర్గానికి, పొద్దున్నుంచి పొయ్యిల దగ్గర నిలబడిన అక్కలకు, ముందు కుర్చీలన్నీ ఖాళీగా వదిలేసి వెనకాల చేరిన పిల్లలందరికీ నమస్కారం.

‘దేశాలు, ప్రజలు, సౌకర్యాలు’ అనే అంశం మీద మాట్లాడమని నన్ను అడిగారు. మీలో గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షకి, రైల్వే పరీక్షకి చదివేవాళ్లున్నారు. నాలుగు రాజధానుల పేర్లు, నాలుగు కరెన్సీల పేర్లు చెబితే పిల్లలకు పనికొస్తుందని పెద్దల ఉద్దేశం. వాటికి గైడ్లున్నాయి, ఫోన్లున్నాయి. నేను టీచర్ ట్రైనింగ్ అయినదాన్ని, చాలా ఏళ్లుగా హాస్టల్లో పిల్లల చదువు చూస్తున్నదాన్ని. ఒక దేశం గురించి చదివేటప్పుడు ఏం చూడాలి, ఏం అడగాలి అన్నది చెబుతాను. మన సముద్రపు ఒడ్డునే మొదలుపెడదాం.

ఏ దేశం గురించి ఏ పుస్తకం తీసినా మూడు భాగాలుంటాయి. మొదటిది నేల: విస్తీర్ణం, నదులు, తీరం, అడవి. రెండోది మనుషులు: జనాభా, భాషలు, తెగలు. మూడోది సౌకర్యాలు: రోడ్లు, రేవులు, కరెంటు, విమానాశ్రయాలు. మూడూ మూడు పేజీల్లో ఉంటాయి కాబట్టి దేని దారి దానిదే అనిపిస్తుంది. కానీ ఆ నేల మీద ఆ రోడ్డు ఎందుకు పడింది, అది పడినప్పుడు అక్కడున్న మనుషులు ఏమయ్యారు అని అడిగితే మూడు పేజీలూ ఒకటవుతాయి. ఈ పూట అదే అడుగుదాం.

ముందుగా ఒక చిన్న సంగతి. దేశం వేరు, ప్రాంతం వేరు. మా హాస్టల్లో క్విజ్ పెడితే ‘ఫ్రెంచ్ గయానా రాజధాని ఏది?’ అన్న ప్రశ్న వచ్చింది. జవాబు కయెన్. తొమ్మిదో తరగతి పిల్ల లేచి, ‘మేడమ్, అది దేశమేనా?’ అని అడిగింది. మంచి ప్రశ్న. అది దేశం కాదు. దక్షిణ అమెరికాలో బ్రెజిల్ పక్కన ఉంటుంది గానీ ఫ్రాన్సులో ఒక భాగం. అక్కడ చెల్లేది యూరో. అక్కడి వాళ్లు ఫ్రాన్సు అధ్యక్షుడి ఎన్నికలో ఓటేస్తారు. ఒక పక్కనున్న సూరినామ్ 1975లో, దాని అవతలి గయానా 1966లో స్వతంత్ర దేశాలయ్యాయి. ఆ గయానాకు 19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల కూలికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఇలాంటి ప్రాంతాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. మన అండమాన్ నికోబార్ దీవులు దేశంలోనే ఉన్న కేంద్రపాలిత ప్రాంతం. కజకిస్తాన్‌లోని బైకనూరు నేల కజకిస్తాన్‌ది, దాన్ని నడిపేది రష్యా. 2050 దాకా అద్దెకు తీసుకుంది. అందుకే మ్యాపులో ఒక చోటు కనిపిస్తే రెండు మాటలు అడగాలి: ఆ నేల ఎవరిది? దాని గురించి నిర్ణయం తీసుకునేది ఎవరు, ఎక్కడ కూర్చుని?

ఫ్రెంచ్ గయానా, బైకనూరు అని ఈ రెండు పేర్లూ ఊరికే తీయలేదు. ఆ రెండిటికీ మన శ్రీహరికోటకూ చుట్టరికం ఉంది. మూడూ రాకెట్లు ఎగిరే చోట్లు.

శ్రీహరికోట ఎక్కడుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పడమర పులికాట్ సరస్సు, తూర్పున బంగాళాఖాతం, మధ్యలో సన్నగా పొడుగ్గా ఇసుక దీవి. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో. సూళ్లూరుపేట ప్రాంతం మొన్నటిదాకా నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. గీత మారింది, నీళ్లు మారలేదు, మన బంధుత్వాలూ మారలేదు.

ఈ తీరం మూలన పడి ఉన్న చోటు అనుకోకండి. 1610 ప్రాంతంలోనే హాలండు వాళ్లు పులికాట్‌లో దిగి కోట కట్టుకున్నారు. ఇక్కడి బట్టలు కొని ఇప్పటి ఇండోనేషియా దీవులకు తీసుకెళ్లి, అక్కడ లవంగాలు, జాజికాయ కొనేవారు. ఇంగ్లీషు వాళ్లు దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకున్నారు. అది చాలక దక్షిణానికి పోయి 1639లో సంపాదించిన చోటే తర్వాత మద్రాసు నగరం అయింది. ఆ బట్టలకు ఎరుపు రంగు వచ్చేది చిరివేరు నుంచి. ఇసుక నేలలో పెరిగే ఆ మొక్క వేరును తవ్వి తెచ్చినవాళ్లలో మన యానాదులున్నారు. చరిత్ర పుస్తకంలో ఓడ పేరుంటుంది, కోట పేరుంటుంది. వేరు తవ్విన చేతి పేరుండదు.

1835లో శ్రీహరికోట దీవి కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటి అధికారుల రాతల్లో దీవిలోని యానాదుల ప్రస్తావన ఉంది. తేనె, మైనం, చిరివేరు, మందు మొక్కలు తెచ్చిస్తే గింజలు కొలిచేవారు. తర్వాత ఆ దీవి అడవి మద్రాసుకు వంటచెరుకు అయింది. సరుగుడు కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవల మీద పోయేవి. 1876-78 నాటి మహా కరువులో కూలిపనుల కింద ఆ కాలువలో కొంత తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. కరువు కూలీలు తవ్విన కాలువ, గవర్నరు పేరు.

ఇక రాకెట్ల సంగతి. 1969లో ఈ దీవిని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఇక్కడి నుంచి మొదట లేచింది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2008లో చంద్రయాన్, 2013లో మంగళయాన్, 2023 జులై 14న చంద్రయాన్-3, అన్నీ ఈ ఇసుక మీద నుంచే.

ఈ దీవే ఎందుకు? మూడు కారణాలు చెబుతారు, పరీక్షలో కూడా అడుగుతారు, రాసుకోండి. ఒకటి, తూర్పున సముద్రం. రాకెట్టు తూర్పుకు పోతుంది కాబట్టి ఏదైనా విరిగి పడినా నీళ్లలో పడుతుంది. రెండు, భూమధ్యరేఖకు దగ్గర. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ వేగం గంటకు సుమారు 1,670 కిలోమీటర్లు. మన దగ్గర 1,620 దాకా ఉంటుంది. బైకనూరు బాగా ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ 1,160 మాత్రమే. తిరిగే రంగులరాట్నం అంచున నిలబడి రాయి విసిరితే ఎక్కువ దూరం పోయినట్టు, తూర్పుకు పోయే రాకెట్టుకు ఇక్కడ భూమి ఒక తోపు ఇస్తుంది. మూడో కారణం, ‘జనం పెద్దగా లేని చోటు’.

ఈ మూడో మాట దగ్గరే నేను ఆగాలి. పెద్దగా లేరంటే, కొందరున్నారని. ఆ కొందరిలో మనవాళ్లున్నారు.

జనసాంద్రత అంటే ఏమిటో మీరు చదివారు. జనాభాను విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే అంకె. వరి పండే మాగాణిలో ఆ అంకె వందల్లో ఉంటుంది. తేనె కొట్టి, దుంప తవ్వి, కాలువలో చేపపట్టి బతికేవాళ్లకు ఒక కుటుంబానికి చాలా అడవి, చాలా నీళ్లు కావాలి. ఈ నెల ఒక తిప్ప, వచ్చే నెల ఇంకో తిప్ప. అందుకని అంకె చిన్నగా వస్తుంది. ఆ చిన్న అంకె చూసి ఆఫీసులో కూర్చున్నవాళ్లు ‘ఖాళీ’ అనుకుంటారు. అది ఖాళీ కాదు. మన ఇల్లు గోడల వరకే కాదు, దుంప దొరికే చోటు దాకా, చేప దొరికే చోటు దాకా ఉంటుంది.

దీవిలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. చాలామంది ఒడ్డుకు వచ్చేశారు. కొన్ని యానాది కుటుంబాలు దీవిలోనే కాలనీల్లో ఉండి అక్కడే పనుల్లో కుదురుకున్నాయి. నేను రాకెట్ల మీద కోపంతో ఈ మాట చెప్పడం లేదు. 1984 నవంబరులో తుపాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. ఆనాటి నష్టం మన పెద్దలకు గుర్తుంది. ఇవాళ తుపాను పుట్టిన రోజు నుంచే బొమ్మ మీ ఫోన్లోకి వస్తోంది. ఆ బొమ్మలు తీసిన ఇన్‌శాట్-3డి 2013లో ఫ్రెంచ్ గయానాలోని కురూ నుంచి లేచింది. ఇన్‌శాట్-3డిఆర్ 2016లో శ్రీహరికోట నుంచి లేచింది. ఆ ముందస్తు హెచ్చరికతో బతికినవాళ్లలో మనమూ ఉన్నాం. మేలు మేలే, లెక్క లెక్కే. మేలు జరిగిందని లెక్క అడగకూడదని లేదు.

ఇప్పుడు అదే లెక్కతో ప్రపంచం చూద్దాం.

కురూ. ఫ్రాన్సు 1964లో ఎంపిక చేసుకుంది. భూమధ్యరేఖకు 5 డిగ్రీల దూరం, తూర్పున అట్లాంటిక్ సముద్రం, ‘జనం తక్కువ’. మన దేశం ఆపిల్ ఉపగ్రహం 1981 జూన్‌లో అక్కడి నుంచే ఎగిరింది. ఎడ్లబండి మీద పెట్టిన ఉపగ్రహం ఫొటో మీరు పుస్తకంలో చూసుంటారు, ఆ ఆపిలే. ఫ్రెంచ్ గయానా విస్తీర్ణం సుమారు 84 వేల చదరపు కిలోమీటర్లు, మన రాష్ట్రంలో సగం. జనం సుమారు 3 లక్షలు. నూటికి 90 పాళ్లకు పైగా అడవి. ఆ అడవిలో, తీరంలో కలినా, వయానా, పాలికూర్, టేకో లాంటి ఆదివాసీ తెగలు ఆరున్నాయి. తోటల నుంచి తప్పించుకుని అడవిలో ఊళ్లు కట్టుకున్న ఆఫ్రికా బానిసల సంతతి వాళ్లున్నారు. యుద్ధం తర్వాత లావోస్ నుంచి వచ్చి కూరగాయలు పండిస్తున్న మోంగ్ వాళ్లున్నారు. కేంద్రం కట్టినప్పుడు ఆ తీరంలోని వందలమందిని ఖాళీ చేయించారు. ఇప్పటికీ మరోనీ నది ఎగువన ఉన్న మారిపసూలా లాంటి ఊళ్లకు తీరం నుంచి రోడ్డు లేదు. పొడుగాటి పడవ, లేకపోతే చిన్న విమానం. ఒకే ప్రాంతంలో అంతరిక్షానికి దారి ఉంది, ఆస్పత్రికి దారి లేదు.

ఆ మాట వింటే మీకు ఇరకం దీవి గుర్తు రావాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ మధ్యలో నుంచి రోడ్డుంది. తడ మండలంలోని ఇరకం వాళ్లు అదే సరస్సులో పడవ మీద రాకపోకలు సాగిస్తూ వచ్చారు. సరస్సు ఒకటే. రోడ్డు ఎవరి అవసరానికి ముందు పడుతుందో చూడండి.

ఇక బ్రెజిల్. అక్కడ మరాన్యావ్ రాష్ట్రంలో అల్కాంతరా అనే చోటుంది. భూమధ్యరేఖకు రెండు డిగ్రీల పైచిలుకు దూరం, రాకెట్లకు అంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. 1980లలో అక్కడ కేంద్రం కట్టారు. ఆ తీరంలో కిలోంబోలా అనే జనం ఉన్నారు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతి. చేపలు పట్టుకుని, కర్రపెండలం పండించుకుని బతికేవాళ్లు. 312 కుటుంబాలను సముద్రానికి దూరంగా ఏడు కొత్త ఊళ్లకు తరలించారు. ఇళ్లిచ్చారు, పొలం ముక్కలిచ్చారు. చేపకు పోవాలంటే మైళ్లు నడవాలి. వల పట్టే చేతికి పలుగిస్తే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వాళ్లు ఊరుకోలేదు. ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు, ఎవరు ఎక్కడ ఉండేవాళ్లో రాసి పెట్టుకున్నారు, కోర్టులకు పోయారు. అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు 2025 మార్చిలో వెల్లడించిన తీర్పులో బ్రెజిల్ ప్రభుత్వానిదే బాధ్యత అని చెప్పింది. భూమికి పట్టాలు ఇవ్వాలని, నష్టపరిహారం ఇవ్వాలని ఆదేశించింది. నలభై ఏళ్లు పట్టింది. నలభై ఏళ్ల తర్వాత గెలిచారంటే, నలభై ఏళ్లూ కాగితాలు దాచుకున్నారని అర్థం.

బైకనూరు గురించి ఒక ముక్క. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్, 1961 ఏప్రిల్ 12న గగారిన్ లేచింది అక్కడి నుంచే. నిజానికి బైకనూరు అనే ఊరు అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉండేది. అసలు చోటు తెలియకూడదని ఆ పేరు పెట్టారు. అసలు చోటు గొర్రెలు, గుర్రాలు మేపుకునే కజక్ గడ్డిభూమిలో త్యురతామ్ అనే రైల్వే స్టేషను. మ్యాపు మీద పేరుంటే నిజం ఉన్నట్టే అనుకోకూడదని చెప్పడానికి ఈ ఉదాహరణ.

రోడ్డు వస్తే మేలే కదా అంటారు. అన్నిచోట్లా కాదు. అండమాన్ ట్రంక్ రోడ్డు జరావా తెగ అడవిలో నుంచి పోతుంది. ఆ అడవిలో పడే భాగాన్ని మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత కూడా బండ్లు తిరుగుతూనే ఉన్నాయి, ఆ బండ్లలో జరావాలను చూడటానికి పోయేవాళ్లూ ఉన్నారు. ఒక రోడ్డు మనల్ని ఆస్పత్రికి తీసుకుపోతుంది. ఇంకో రోడ్డు మనల్ని బొమ్మల్లా చూసేవాళ్లను తీసుకొస్తుంది. ‘ఎన్ని కిలోమీటర్ల రోడ్డు’ అని పుస్తకం చెబుతుంది. ‘ఎవరి కోసం’ అని మనం అడగాలి.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. 2001 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు 4 లక్షల 62 వేల మంది. అదెంత? ఐస్‌లాండ్ అనే దేశం ఉంది. దానికి పార్లమెంటుంది, జెండా ఉంది, ఐక్యరాజ్యసమితిలో కుర్చీ ఉంది. దాని జనం ఇప్పటికీ 4 లక్షల లోపే. తువాలు అనే దీవుల దేశంలో 11 వేల మంది కూడా లేరు. మనం ఒక దేశమంత జనం. అయినా మన గురించి పుస్తకంలో ఒక పేజీ దొరకడం కష్టం. చెల్లాచెదురుగా ఉండటం ఒక కారణం. లెక్కలో సరిగా పడకపోవడం ఇంకో కారణం.

ఈ లెక్క సంగతి జాగ్రత్తగా వినండి. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని మన దేశంలో జనగణన జరుగుతుంది. రొయ్యల గుంటల గట్ల మీద కాపలాకు ఉన్న కుటుంబాలను మీరు చూస్తున్నారు. మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక పరదా గుడిసె. ఊళ్లో లెక్క రాసేవాళ్లు వస్తే ఇంటికి తాళం. గట్టు మీదికి ఎవరూ పోరు. ఆ కుటుంబం రెండుచోట్లా జారిపోతుంది. అట్లా జారిపోయినవాళ్ల వల్లే రేపు ఎవరో మ్యాపు ముందు కూర్చుని ‘ఇక్కడ జనం పెద్దగా లేరు’ అంటారు. కాబట్టి లెక్క జరిగే రోజుల్లో మీ పని గట్లకు పోవడం. ఏ గుంట మీద ఎవరున్నారో రాసుకుని, లెక్క రాసే వాళ్లకు చూపించడం. ఇంకో మాట. తెగ పేరు అడిగినప్పుడు ఉత్త ‘ఎస్టీ’ అనకండి. ‘యానాది’ అని చెప్పి, అదే రాశారో లేదో చూసుకోండి. లేకపోతే తెగ పేరు లేని గుంపులో కలిసిపోతాం.

అంతకుముందే మీరు చేయాల్సింది ఒకటుంది. మీ కాలనీ గురించి ఒక పేజీ రాయండి. ఏ దేశం గురించైనా పుస్తకంలో రాసినట్టే, మూడు భాగాలు.

నేల: కాలనీ ఎన్ని ఎకరాల్లో ఉంది, పట్టా భూమా, పోరంబోకా, అటవీ భూమా, శ్మశానం ఎక్కడ, వాన వస్తే నీళ్లు ఎటు నుంచి వస్తాయి. మన తీరం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. కాబట్టి ఏజెన్సీలో ఉన్న పీసా చట్టం, 1/70 చట్టం మనకు అక్కరకు రావు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం దేశమంతటికీ ఉంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అటవీ భూమి మీద ఆధారపడి బతుకుతున్న గిరిజనులు హక్కు అడగొచ్చు. పరీక్షకు చదివినదే, ఇంటికి కూడా చదవండి.

మనుషులు: ఎన్ని కుటుంబాలు, ఎవరికి ఆధార్ లేదు, ఏ పిల్లకు జనన ధ్రువపత్రం లేదు, ఎవరికి కుల ధ్రువపత్రం లేదు, ఎవరు ఏ గుంట మీద అడ్వాన్సు కింద ఉన్నారు. ముసలివాళ్లకు తెలిసిన మందు మొక్కలు, చేపల పేర్లు, తిప్పల పేర్లు కూడా రాయండి. అవీ జనాభా లెక్కే.

సౌకర్యాలు: తారు రోడ్డు ఎక్కడ ఆగిపోయింది, బోరు పనిచేస్తోందా, బడి ఎంత దూరం, ఆరోగ్య కేంద్రం ఎంత దూరం, తుపాను షెల్టరు ఎంత దూరం, రాత్రిపూట నొప్పులొస్తే ఏ బండి వస్తుంది. దూరం కిలోమీటర్లలో ఒకసారి, నడిచే టైములో ఒకసారి రాయండి.

ఆ పేజీ మీద తేదీ వేయండి, పేర్లు రాయండి, ఫొటో తీసి పెట్టుకోండి. గ్రామసభలో చదవండి. ఐటీడీఏలో ఒక కాపీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. సంఘానికి ఒక కాపీ ఇవ్వండి. ఏడాదికోసారి తిరగరాయండి. వెన్నెలకంటి రాఘవయ్య గారు మన మధ్య తిరిగి, మన బతుకు రాసి, నేరస్తుల తెగల చట్టం పోవాలని పోరాడారు. 1952లో ఆ చట్టం పోయింది. 1962లో యానాదుల మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆయన మన తెగవాడు కాదు, ఆయనకు మన నమస్కారం. అయితే ఆ రోజుల్లో మనలో రాయగలిగినవాళ్లు తక్కువ. ఈ రోజు ఈ షామియానా కింద డిగ్రీ చదివినవాళ్లే ఎంతమంది ఉన్నారో మీరే చూడండి. ఇక మన పేజీ వేరేవాళ్లు రాయాల్సిన పని లేదు.

కార్యవర్గం వాళ్లకు ఒక మనవి. వచ్చే ఏడాది సావనీరులో పాటలు, ఫొటోలతో పాటు ఈ పేజీలూ వేయండి. పది కాలనీలవి వచ్చినా చాలు. రాయడం ఎట్లా అని సందేహం ఉన్న పిల్లలు ఆదివారం హాస్టల్‌కు రండి. అట్లాసు ఉంది, గళ్ల కాగితం ఉంది, నేనూ ఉంటాను.

వెనకాల ఉన్న పిల్లలు భోజనాలకు మాత్రం ముందుకు రండి.